ధనిష్ఠలో ఇరవై ఆరు కార్లు

బాలమణి పెద్దమ్మ ధనిష్ఠా నక్షత్రంలో పోలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. పెద్దమ్మ పోయింది కాబట్టి చెప్పలేదు. మదన్‌మోహన్ ఇంకా బతకాలి కాబట్టి చెప్పలేదు.

మదన్‌మోహన్ జహీరాబాద్ బస్టాండులో కంట్రోలర్. బీదర్ బస్సు ఎన్నింటికి వచ్చింది, నారాయణఖేడ్ బస్సు ఎన్నింటికి కదిలింది అని రాయడం ఆయన ఉద్యోగం. పదహారేళ్లలో ఒక్క నిమిషం తప్పు రాయలేదని పేరు. ఊళ్లో ఎవరింట్లో పిల్ల పుట్టినా, గోడ గడియారం మీద అనుమానమొస్తే "కంట్రోలర్ సాబును అడుగుండ్రి" అనేవాళ్లు. అంతటి మనిషి సొంత పెద్దమ్మ పోయిన టైము తప్పు చెప్పాడు. అదీ ఒకటీ రెండూ కాదు, యాభై ఐదు నిమిషాలు.

ఆ యాభై ఐదు నిమిషాల వెనక ఇరవై ఆరు కార్లున్నాయి.

ఇది 1982 నాటి మాట. అప్పటికి అయిదేళ్ల కిందట, బొంబాయి రోడ్డు మీద లారీ నడిపే ప్రకాశం చోర్‌బజార్‌లో దొరికిందని ఒక అట్టపెట్టె తెచ్చి మదన్‌మోహన్ చేతిలో పెట్టాడు. లోపల నల్లటి ప్లాస్టిక్ పట్టాలు. ఒకదానికొకటి తగిలిస్తే ఎనిమిది అంకెలా చుట్టు తిరిగే రోడ్డవుతుంది. రోడ్డు పొడుగునా సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ ఇనుప తీగలు. కారు పొట్ట కింద చిన్న మేకు ఉంటుంది, అది గాడిలో దిగాలి. తీగల్లో కరెంటు, మనిషి చేతిలో మీట. మీట నొక్కితే కారు గుయ్యిమని పరుగెత్తుతుంది. మలుపు దగ్గర వేలు సడలించకపోతే గాడి తప్పి, ఎగిరి గోడకు కొట్టుకుంటుంది.

ఆ మీట పేరు కూడా కంట్రోలరేనని పెట్టె మీద చదివి మదన్‌మోహన్ మూడు రోజులు మురిసిపోయాడు. కంట్రోలర్ చేతిలో కంట్రోలర్! కాకపోతే ఆ ఇంట్లో అసలు కంట్రోలర్ ఆయన భార్య భాగీరథి. ఆయనకూ పెద్దమ్మకూ కరెంటు ఇచ్చేదీ తీసేదీ ఆమే.

భాగీరథిది మొగుడంపల్లి. పెళ్లిచూపుల్లోనే మదన్‌మోహన్ మిత్రులు హెచ్చరించారు, "ఆ ఊరి పేరు జర చూస్కో, మొగుణ్ణి అమ్మే పల్లి" అని. ఆయన నవ్వాడు. పెట్టె ఇంటికి తెచ్చిన రోజు మాత్రం నవ్వలేదు.

"ఏందిది?"

"కార్లు. కరెంటుతోటి ఉరుకుతయి."

"పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె. పిల్లల్లేని ఇంట్ల బొమ్మకార్లేంది? చూసినోళ్లు మిమ్మల్ని పిచ్చోడంటరు, నన్ను పాపమంటరు."

"నన్నన్న మాట నేను పడత తీ."

"నన్నన్న మాట నేను పడలేను."

మదన్‌మోహన్ పెట్టె ప్రకాశానికి వాపసు ఇచ్చేశానని మర్నాడు చెప్పాడు. పెట్టె వీధి గుమ్మంలోంచి వెళ్లి, ఇంటి చుట్టూ తిరిగి, దొడ్డి కిటికీలోంచి వెనక గదిలోకి వచ్చింది.

వెనక గది బాలమణి పెద్దమ్మది. తల్లి పోయిన మదన్‌మోహన్‌ను నాలుగేళ్ల వయసు నుంచి పెంచింది ఆమే. భర్త పోయింది మొదలు ఆమెకు ఉన్న ఆస్తి ఒక నులక మంచం, ఒక చెక్క సందూక, ఈ పిల్లవాడు. తుంటి విరిగి మంచాన పడ్డాక ఆమెకు చూడటానికి గదిలో గోడ తప్ప ఏమీ లేకపోయింది. ఆ గోడకూ మంచానికీ మధ్య పట్టాలు పరుచుకున్నాయి.

"మద్దూ, గీ ఎర్రది మస్తు ఉరుకుతున్నది గదరా" అనేది పెద్దమ్మ. ఎర్రది, కుంటిది, బొట్టుది అని అన్నిటికీ పేర్లు పెట్టింది. రెండు చేతులా రెండు మీటలు పట్టుకుని తనతో తానే పోటీపడే ఆ నలభై మూడేళ్ల కొడుకుని మనవణ్ణి చూసినట్టు చూసి నవ్వేది. ఏది గెలిచినా ఆయనే గెలిచేవాడు. బస్టాండులో ఆ భాగ్యం లేదు.

ప్రకాశం లారీ వచ్చినప్పుడల్లా ఒకటో రెండో కార్లు దిగేవి. మోటారు కాలితే వైండింగ్ దుకాణం ఇస్సాకు వెంట్రుకంత తీగ మళ్లీ చుట్టి ఇచ్చేవాడు. టైర్లు అరిగితే సైకిల్ వాల్‌ట్యూబు కోసి తొడిగేవారు. చక్రాలకు నూనె మాత్రం భాగీరథి కుట్టుమిషను సీసాలోది.

"మిషను నూనె ఊకె ఎట్ల ఒడుస్తున్నది?" అని అడిగిందొకసారి భాగీరథి.

"ఎండలకు ఆవిరైతది."

"చలికాలంల?"

"చలికి గడ్డకట్టి తగ్గుతది."

ఆమె ఆయన ముఖం వైపు కాసేపు చూసి, కొత్త సీసా తెప్పించుకుంది.

కార్లు దాచే ఉపాయం పెద్దమ్మదే. "నా సందూకల పెట్టు. నా చావు చీర ఉన్నది దాంట్ల, ఎవ్వరు ముట్టరు" అంది. నారాయణపేట నుంచి ఏరికోరి తెప్పించుకున్న ఊదారంగు చీర అది. పోయేనాడు అదే కట్టాలని అందరికీ చెప్పుకుంది. ఆ చీర మడతల మీద కార్లు ఒకటొకటిగా చేరి ఇరవై ఆరయ్యాయి. మనిషి చావు కోసం దాచిన చీర మీద బొమ్మకార్లు పెట్టడం మంచిది కాదని మదన్‌మోహన్‌కు అప్పుడప్పుడు అనిపించేది. అనిపించినప్పుడల్లా వాటికింద ఒక పాత పేపరు వేసేవాడు.

ఇక ఆ రోజు సంగతి.

భాగీరథి మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొగుడంపల్లి వెళ్లింది, అన్నకు జ్వరమని. వెళ్లేముందు పెద్దమ్మ మంచం పక్కన చెంబెడు నీళ్లు నింపి, మూత పెట్టి, బస్టాండులో మదన్‌మోహన్‌తో "జర చూస్కుంట ఉండుండ్రి, పొద్దుగాల సంది మంచిగ లేదు ఆమెకు" అని చెప్పి మరీ బస్సెక్కింది. మదన్‌మోహన్ ఉదయం డ్యూటీ ముగించుకుని రెండున్నరకు ఇల్లు చేరాడు. పెద్దమ్మ పక్కన కూర్చుని చూసుకోవడమే కదా, కూర్చోవడం ఎలాగూ పట్టాల పక్కనే కదా అనుకున్నాడు.

ఎర్రది ఆ రోజు అద్భుతంగా నడుస్తోంది. అంతకుముందు గాడి తప్పకుండా ఇరవై చుట్లు ఏనాడూ తిరగలేదు, ఈసారి తిరిగేలా ఉంది. ఎనిమిదో చుట్టులో ఉండగా పెద్దమ్మ సన్నగా పిలిచింది.

"మద్దూ... నీళ్లు."

"ఒక్క చుట్టు, పెద్దమ్మా."

ఎర్రది తొమ్మిదో చుట్టు తిరిగింది. పదోదీ తిరిగింది. పెద్దమ్మ మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి తొందర లేదనుకున్నాడు. ఇరవయ్యో చుట్టులో, ఇంకొక్క మలుపుందనగా కారు ఎగిరి మంచం కోడుకు కొట్టుకుంది. దాన్ని తీసుకుంటూ తలెత్తి చూశాడు. పెద్దమ్మ కళ్లు పట్టాల మీదే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

గడియారం మూడు గంటల పదిహేను నిమిషాలు చూపిస్తోంది. అలవాటు కొద్దీ అదే ముందు చూశాడు.

ఏడుపు గొంతు దాకా వచ్చింది. ఏడిస్తే పక్కింటి గంగమ్మ వస్తుంది. గంగమ్మ వస్తే పట్టాలు చూస్తుంది. చూస్తే, ఆ తల్లి నీళ్లడుగుతూ పోతుంటే వీడు ఆడుకుంటున్నాడని ఊరంతా తెలుస్తుంది. అందుకని మదన్‌మోహన్ నోట్లో కండువా కుక్కుకుని, కళ్లనీళ్లు కారుతుండగానే ఒక్కొక్క పట్టా విప్పాడు. గోనెసంచిలో కట్టి మంచం కిందికి తోశాడు. కార్లు సందూకలో సర్దాడు, తాళం వేశాడు, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ కళ్లు మూసి, ఇల్లదిరేలా ఏడ్చాడు. ఏడుపు నిజమైనదే. యాభై ఐదు నిమిషాలు లేటు, అంతే.

గంగమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమెవాళ్లు కర్ణాటక సరిహద్దు నుంచి వచ్చినవాళ్లు, సంతోషానికైనా దుఃఖానికైనా ముందు శివుణ్ణే పిలుస్తుంది. "అయ్యో శివనే! ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడే" అన్నాడు మదన్‌మోహన్.

ఆ ఒక్క మాట అంత పని చేస్తుందని ఆయన అనుకోలేదు. అయిదింటికి భాగీరథి వచ్చింది. ఆ వెనకే రామ్‌కిషన్ పంతులు పంచాంగంతో వచ్చాడు.

"కంట్రోలర్ సాబ్, మీరంటే టైం మనిషి. ఖచ్చితంగ చెప్పుండ్రి, ఎన్నింటికి?"

"నాలుగు పది."

పంతులు వేలు పంచాంగం మీద జరిగి ఆగింది. ముఖం నల్లబడింది. "మూడు నలభై దాక శ్రవణం. అర్ధగంట ముందు పోయుంటే ఏ దోషం లేకుండె. తర్వాత ధనిష్ఠ. ధనిష్ఠల పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలె."

ఇప్పుడు చెప్పొచ్చు. మూడు పదిహేనని ఒక్క మాటంటే పెద్దమ్మ మంచి నక్షత్రంలో పోయినట్టే. కానీ మూడు పదిహేను నుంచి నాలుగు పది దాకా ఏం చేశావు నాయనా అని అడుగుతారు.

"ఉద్యోగస్తులు, ఇల్లిడిసి ఏడికి పోతరు?" అని పంతులే దారి చెప్పాడు. "పోయిన గది మూసి పెట్టుండ్రి. లోపలి సామాను లోపల్నే ఉండాలె. తలుపుకు తుమ్మకంప అడ్డం పెట్టి, ఆర్నెల్ల తర్వాత శాంతి చేసి తెరుద్దాం."

"మరి అత్తమ్మ చీర?" అంది భాగీరథి. "సందూకల ఉన్నది. అది కట్టాలని మస్తు ఆశపడ్డది."

పంతులు మదన్‌మోహన్ వైపు చూశాడు. భాగీరథి కూడా చూసింది. మొలతాడుకున్న తాళంచెవి మదన్‌మోహన్‌కు నిప్పులా తగిలింది.

"దోషమంటున్నరు గద" అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ. "సామాను ముట్టొద్దు."

భాగీరథి మంచం పక్కన నిలబడి అడిగింది. "ఆఖరుకు నీళ్లన్న పోసిన్రా?"

"పోసిన. నా చేత్తోటి. రెండు చెంచాలు, తులసాకేసి."

ఆమె మంచం పక్కనున్న చెంబు మూత తీసింది. చూసింది. మళ్లీ మూత పెట్టింది. తర్వాత తన పెట్టెలోంచి ఒక్కసారి కూడా కట్టని ఆకుపచ్చ చీర తెచ్చి పెద్దమ్మకు కట్టింది. పెద్దమ్మ కోడలి చీరలో వెళ్లిపోయింది.

దినవారాలయ్యాయి. పదిరోజులు మదన్‌మోహన్ నిజంగానే అన్నం తినలేకపోయాడు. పదకొండో రోజు గడిచాక మాత్రం ఒక ఆలోచన పురుగులా తొలిచింది. ఆర్నెల్లు ఆ గదిలోకి ఎవరూ రారు. తలుపుకు తుమ్మకంప. దొడ్డి కిటికీకి రెండు చెక్క ఊచలు వదులు. మనిషన్నవాడికి ఇలాంటి ఏకాంతం జన్మకొకసారి దొరుకుతుంది. దొరికిన తీరు తలుచుకుంటే మాత్రం సిగ్గేసేది. సిగ్గుపడుతూనే ఊచలు తీశాడు.

భాగీరథి రోజూ మూడింటికి గంగమ్మ ఇంటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్లేది. ఆ సమయానికి మదన్‌మోహన్ పొట్ట బిగబట్టి కిటికీలో దూరేవాడు. సగం దూరం సులభంగానే వెళ్లేవాడు. మిగతా సగం జహీరాబాద్ హోటళ్ల పూరీలు అడ్డొచ్చేవి. లోపల పట్టాలు పరిచి, ఖాళీ మంచానికి వీపు పెట్టి కూర్చుని ఆడేవాడు. ఇరవయ్యో చుట్టు దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ కారు ఎగిరిపోయేది.

మూడో వారంలో గంగమ్మ చెవిన పడింది.

"భాగీరథమ్మా, మీ వెనక గదిల ఏమో గుయ్యిగుయ్యిమంటది. బాలమణక్క ఏడుస్తుండొచ్చు. ధనిష్ఠ పంచకం అంటే ఊకనేనా?"

భాగీరథి శ్రద్ధగా విని, పంతులు దగ్గరికి వెళ్లొచ్చింది.

"ఏమన్నడు?" అని అడిగాడు మదన్‌మోహన్ వీలైనంత మామూలుగా.

"దప్పికతోటి ఏడుస్తున్నదంట."

మదన్‌మోహన్ చేతిలో ముద్ద అలాగే ఆగింది.

"నేను పోసిన గదా, భాగీ. రెండు చెంచాలు."

"అదే అన్న నేను గూడ. కంట్రోలర్ తప్పు చెప్తడా అన్న. అయినా ఆమెకు సాలలేదేమో." ఆమె పప్పు వడ్డించింది. "రేపటి సంది కిటికీ లోపలిదిక్కు చెంబుల నీళ్లు పెడత. తాగితే శాంతించినట్టు. తాగకపోతే ఇల్లే ఇడిసిపెట్టాలంట. మా మొగుడంపల్లి పోదాం, ఆర్నెల్లు మా అన్న ఇంట్లనే."

భాగీరథి అన్నకు ఎనిమిది గేదెలు, చుట్టుపక్కల చెరకు తోటలు, చెప్పిన కథే చెప్పే అలవాటు ఉన్నాయి. ఆర్నెల్లు ఆ ఇంట్లో ఉండటం కంటే ధనిష్ఠలో పోవడం నయమని మదన్‌మోహన్ అభిప్రాయం.

మర్నాడు కిటికీలో దూరితే చెంబు ఉంది. అదే చెంబు, అదే మూత. మూత తీసి, నీళ్లు ముందు చూసి, తర్వాత ఖాళీ మంచాన్ని చూశాడు. పారబోయడానికి చెయ్యి రాలేదు. నిలబడే గటగటా తాగేశాడు. తాగినంతసేపు దొంగతనం చేస్తున్నట్టే ఉంది.

"అత్తమ్మ తాగింది!" అని సాయంత్రం భాగీరథి పొంగిపోయింది. "అంచుదాక పోసిన, చుక్క మిగల్లేదు. పాపం ఎంత దప్పికైందో."

మదన్‌మోహన్ తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

అప్పటినుంచి రోజూ దాహం పెరిగింది. చెంబు పోయి బిందె వచ్చింది. దయ్యం కాబట్టి ఎంతైనా తాగుతుందని భాగీరథి వాదన. కడుపు ఉబ్బి కిటికీలోంచి బయటికి రావడం కష్టమైంది. ఒకరోజు అలా ఇరుక్కుని, రెండు కాళ్లూ దొడ్లో, తలా చేతులూ గదిలో వేలాడుతూ పావుగంట గడిపాడు. ఆ పావుగంట ఎదురుగా పెద్దమ్మ మంచం తప్ప చూడటానికి ఇంకేమీ లేదు.

తర్వాత కాకరకాయ రసం మొదలైంది. "అత్తమ్మకు షుగర్ గద, మంచిది" అంది భాగీరథి. మదన్‌మోహన్ అదీ తాగాడు. రాత్రి అన్నంలో పెరుగు కలుపుతూ నాలుక చేదుకు మొహం వికారంగా పెడితే, "కూర మంచిగ లేదా?" అని అమాయకంగా అడిగింది.

ఆరో నెల చివర ఒక గురువారం నాడు చెంబులో బెల్లం పానకం ఉంది. ఏలకుల వాసన కూడా వేస్తోంది. ఇన్నాళ్ల చేదుకు ఇది బహుమానం అనుకుని మదన్‌మోహన్ చెంబు అడుగు దాకా తాగాడు. ఆ రోజు ఆయనది సాయంత్రం డ్యూటీ. పానకంలో విరేచనాలకిచ్చే సునాముఖి ఆకు గుప్పెడు మరిగిందని ఆయనకు నాలుగున్నరకు, బీదర్ బస్సు వచ్చే వేళకు తెలిసింది.

నాలుగున్నర నుంచి ఏడు దాకా జహీరాబాద్ బస్టాండులో కంట్రోలర్ కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చునేవాడు, లేచేవాడు, పరుగెత్తేవాడు. బీదర్ బస్సు టైము రాయించుకోకుండా వెళ్లలేక నిలబడింది. దాని వెనక నారాయణఖేడ్ బస్సు నిలబడింది. ఝరాసంగం వెళ్లేవాళ్లు బీదర్ బస్సెక్కి కూర్చున్నారు. బొంబాయి బస్సులోని మార్వాడీ కుటుంబం దిగి పూరీలు తిని, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. డ్రైవర్లు మరుగుదొడ్డి బయట వరసగా నిలబడి కాగితాలు తలుపు కింది నుంచి తోశారు. పదహారేళ్ల పేరు రెండున్నర గంటల్లో పోయింది.

ఎనిమిదింటికి గోడ పట్టుకుని ఇంటికి వచ్చాడు. భాగీరథి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అత్తమ్మ ఇయ్యాల గూడ మొత్తం తాగింది" అంది తలెత్తకుండా. "మీరేంది గట్ల పీక్కపోయిన్రు?"

"బస్టాండ్ల భజ్జీలు పడలేదు."

"అత్తమ్మ మీ మీదికి వచ్చినట్టుంది. ఫికర్ చేయకుండ్రి. ఆర్నెల్లు నిండినయి. ఆదివారం గది తెరిచి, లోపల ఉన్న సామానంత దానం ఇచ్చేద్దాం. పంతులుకు చెప్పొచ్చిన."

"మొత్తమా?" మదన్‌మోహన్ గొంతు పీలగా వచ్చింది. "సందూక గూడనా?"

"పోయినామె సామాను ఇంట్ల ఎట్ల పెట్టుకుంటం? దాంట్ల ఏమున్నది, చీరనే గద. కాదా?"

ఇప్పుడు కూడా చెప్పొచ్చు. చెప్పే బదులు మదన్‌మోహన్ ఆ రెండు రోజులూ సందూకలోంచి కార్లు తీసేద్దామని ప్రయత్నించాడు. మూడింటికి అప్పడాలకు వెళ్లడం భాగీరథి మానేసింది. దొడ్లో, సరిగ్గా కిటికీ కింద, మిషను వేసుకుని జాకెట్లు కుట్టింది.

ఆదివారం తుమ్మకంప తీశారు. తలుపు కిర్రుమంది. పంతులు మంత్రాలు చదివి నీళ్లు చల్లాడు. గంగమ్మ శివుణ్ణి పిలిచి గుమ్మం బయటే నిలబడింది.

"సందూక తాళంచెవి?" అన్నాడు పంతులు.

మదన్‌మోహన్ చెయ్యి మొలతాడు మీదికి పోయి ఆగింది. ఈలోపల భాగీరథి పుస్తెలతాడుకున్న చిన్న తాళంచెవి విప్పి సందూక తెరిచింది.

ఆయన ఆ తాళంచెవిని కళ్లప్పగించి చూశాడు.

ఆమె పాత పేపరు మడత విప్పి ఒక్కొక్క కారే తీసి చాప మీద పెట్టింది. ఎర్రది, కుంటిది, బొట్టుది. ఆ పేర్లు ఆమే పలికింది. ఇరవై ఆరు. తర్వాత మంచం కింది గోనెసంచి లాగింది.

పంతులు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇవేంది తల్లీ?"

"అత్తమ్మవి" అంది భాగీరథి. "అత్తమ్మ సందూకల ఉన్నవి అత్తమ్మవి గాక ఎవరివైతయి? ఏమండి, మీవా?"

గంగమ్మ మెడ సాచి చూస్తోంది. మదన్‌మోహన్ ముఖాన చెమట పట్టింది. "పెద్దమ్మవే" అన్నాడు.

"వైతరణి దాటనీకె అందరు ఒక్క ఆవునిస్తరు" అన్నాడు పంతులు పరవశంగా. "ఇరవై ఆరు బండ్లిచ్చి దాటించేది నా సర్వీసుల ఇదే మొదటిది. కంట్రోలర్ సాబ్, మీ చేత్తో నీళ్లు విడిచి దానం ఇయ్యాలె. ఇచ్చినంక వాటిని మీరు మళ్ల ముట్టొద్దు."

భాగీరథి చెంబు అందించింది. అదే చెంబు. అందిస్తూ, పంతులు దర్భలు వెతుక్కునే లోపల, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"ఆ దినం నేను పోయేముందు అంచుదాక నింపిన. వచ్చి చూస్తే అంచుదాకనే ఉన్నయి. తులసాకు లేదు, తడిసిన చెంచ లేదు."

మదన్‌మోహన్ చెంబులోకి చూస్తూ నిలబడిపోయాడు.

"కార్ల సంగతి నాకు ఎన్నడో తెలుసు. అత్తమ్మనే చెప్పి రెండో తాళంచెవి ఇచ్చింది, పిల్లగాడు ఆడుకుంటున్నడు ఏమనకు అన్నది. నేనేమన్ననా? నూనె సీసలు గూడ తెచ్చి పెట్టిన. చీర కోసమన్న నోరు తెరుస్తరేమో అని చూసిన ఆ దినం."

"అడిగింది, భాగీ" అన్నాడు ఆయన. "నీళ్లడిగింది. ఒక్క చుట్టు అన్న."

"ఎన్ని తిరిగినయి?"

"పన్నెండు."

ఆమె జరిగి పంతులుకు దారి ఇచ్చింది. అంతకన్నా తిడితే బాగుండేదని మదన్‌మోహన్‌కు అనిపించింది.

"పోయుండ్రి సాబ్, పోయుండ్రి" అన్నాడు పంతులు చెయ్యి చాపి. మదన్‌మోహన్ చెంబు వంచాడు. సగం నీళ్లు పంతులు పంచె మీద పడ్డాయి, మిగతా సగం చేతిలో పడ్డాయి. ఆయన ఏడుస్తున్నాడు. కొడుకంటే ఇట్లుండాలె అని గంగమ్మ కూడా ఏడ్చింది.

కార్లూ పట్టాలూ మంచమూ బండెక్కాయి. ఊదారంగు చీర మాత్రం భాగీరథి బండెక్కనివ్వలేదు. మడతల మధ్య మిషను నూనె మరకలు ఉన్నాయి. దాన్ని దులిపి తన పెట్టెలో అడుగున పెట్టుకుంది.

"అది గూడ అత్తమ్మదే గద తల్లీ" అన్నాడు పంతులు.

"నాది ఆమె కట్టుకొని పోయింది. ఆమెది నేను కట్టుకొని పోత" అంది భాగీరథి.

వారం తిరక్కుండా రామ్‌కిషన్ పంతులు బస్టాండుకు వచ్చాడు. పిల్లల కోసమని పట్టాలు పరిచాడట. మూడు రోజులుగా పూజలకు వెళ్లడం లేదట. "సాబ్, ఎర్రది మలుపు కాడ గాడి తప్పి ఎగురుతున్నది. ఏం చేయాలె?"

మదన్‌మోహన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "మలుపు వచ్చేముందే వేలు వదలాలె, పంతులు గారూ" అన్నాడు. "వచ్చినంక వదిలితే లాభం లేదు."

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం రెండు వీధుల అవతల నుంచి గుయ్యిమని వినిపిస్తుంది. మదన్‌మోహన్ అరుగు మీద పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వింటుంటాడు. ఎన్ని చుట్లయిందో చెవులతోనే లెక్కపెట్టగలడు.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి భాగీరథి గొంతు వస్తుంది. దాహం ఉన్నా లేకపోయినా వస్తుంది.

"నీళ్లు!"

మదన్‌మోహన్ పేపరు విసిరేసి, ఒక చెప్పు తొడిగీ తొడక్కుండా, చెంబు పట్టుకుని పరుగెడతాడు. ఆయాసపడుతూ ఆమె ముందు నిలబడతాడు. ఆమె గోడ గడియారం వంక చూస్తుంది, ఆయన వంక చూస్తుంది, రెండు గుక్కలు తాగి చెంబు తిరిగి ఇస్తుంది.

"లేటు" అంటుంది.